మొదటి నంబరు

పుస్తకం ఎంత నలిగితే అంత సంపాదించినట్టు అని నమ్మి బతికినవాణ్ణి నేను. గిద్దలూరు బస్టాండు వెనక సందులో 1978లో అద్దె పుస్తకాల షాపు పెట్టాను. షాడో నవలకు రోజుకు పావలా. యండమూరిది కొత్తగా వస్తే అర్ధరూపాయి, దానికీ వరసలో నిలబడేవాళ్లు. అట్ట ఊడి, మూలలు మడతలు పడి, ఆఖరి పేజీ ఎవడో చింపుకుపోయిన పుస్తకమే నాకు లాభం తెచ్చిన పుస్తకం. నలగనిది అలమారలో దండగ. అటువంటి నాకు, డెబ్బయ్యేళ్లు దాటాక ఒక అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి, ఎవరూ చదవని పుస్తకానికే రేటు అంకుల్ అని పాఠం చెప్పాడు.

బొమ్మల పుస్తకాలు నేను ఇళ్లకు ఇచ్చేవాణ్ణి కాదు. ఇస్తే ఫాంటమ్ బొమ్మ కత్తిరించుకుని గోడకు అంటించుకునేవాళ్లు. షాపులోనే బల్లమీద కూర్చుని చదవాలి, పది పైసలు. పది పైసలకు ఒకడు చదువుతుంటే వాడి భుజాల మీంచి ముగ్గురు ఉచితంగా చదివేవాళ్లు. తర్వాత కేబుల్ టీవీ వచ్చింది, బల్ల ఖాళీ అయింది. మిగిలినవి గోతాల్లో కట్టి అటకెక్కించాను. మొన్నామధ్య మా మనవడు అటక దులిపి, వాటిని ఫొటోలు తీసి ఫోన్లో పెట్టాడు. వారం తిరక్కుండా డాలస్ నుంచి ఫోను.

"అంకుల్, మీది గిద్దలూరా? నాది మార్కాపురం! ఇంద్రజాల్ కామిక్స్ ఉన్నాయా మీ దగ్గర?"

ఉన్నాయన్నాను. వెంటనే పరీక్ష పెట్టాడు. "123, 124 నంబర్లు ఉన్నాయా?"

నేను నవ్వాను. ఆ రెండు నంబర్లు అసలు అచ్చే కాలేదు. సమ్మె వల్ల ఆగిపోయాయి. లేని పుస్తకాన్ని ఉందని చెప్పి అడ్వాన్సు పట్టే వ్యాపారులు ఉన్నారట, వాళ్లను ఏరేయడానికి అతను వేసే ప్రశ్న అది. నేను గట్టెక్కాను. ఆ రోజు నుంచి నేను అతనికి ఏజెంటును.

ఈ పుస్తకాల సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. లీ ఫాక్ అనే అమెరికా ఆయన 1936లో ఫాంటమ్‌ను పుట్టించాడు. ఎగరలేడు, కొండలు ఎత్తలేడు. ఒంటికి అతుక్కున్న దుస్తులూ, ముఖానికి ముసుగూ, వేలికి పుర్రె ఉంగరమూ. ఇలా ఒంటికి అతుక్కున్న దుస్తుల వీరుల్లో సూపర్‌మ్యాన్ కంటే రెండేళ్లు పెద్దవాడు. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టి ఫాంటమ్ కథలు పుస్తకాలుగా వేశారు. మొదటి 32 పుస్తకాలూ అతని కథలే. ఆ తర్వాత మాండ్రేక్ వచ్చాడు, ఫ్లాష్ గార్డన్ వచ్చాడు, 1976లో ఆబిద్ సుర్తీ రాసిన మన బహదూర్ వచ్చాడు. మొదట నెలకొకటి, తర్వాత పక్షానికొకటి, 1980ల్లో వారానికొకటి వేసి, 1990లో ఆపేశారు. మనవాళ్ల మనసు నొచ్చుకుంటుందేమోనని పేర్లు కూడా మార్చారు. ఫాంటమ్ ఉండే బెంగాలీ అడవి డెంకాలి అయింది, సింగ్ దొంగలు సింగా దొంగలయ్యారు. నా బల్లమీద కూర్చునే పిల్లలకు డెంకాలి దిగువమెట్ట దాటాక నల్లమలలో ఎక్కడో ఉందని గట్టి నమ్మకం. పుస్తకాల్లోని ఇంగ్లీషు మాటలు వాళ్లకు అర్థమయ్యేవి కావు. అయినా కథ తెలిసేది. మా గిద్దలూరులో సగంమంది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నది ఫాంటమ్ దగ్గరేనని, ఏ ఇంగ్లీషు మాస్టారికి కోపం వచ్చినా సరే, నేను చెబుతాను.

అబ్బాయి మాత్రం కథ గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. పిన్నుల గురించి మాట్లాడేవాడు.

"పిన్ను చుట్టూ తుప్పు మరక ఉందా అంకుల్? స్పైన్ దగ్గర తెల్ల గీతలు పడ్డాయా? వాసన ఎలా ఉంది? లోపల ఎవరైనా పేరు రాశారా?"

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. నా షాపు స్టాకంతా గుండ్రటి రబ్బరు స్టాంపు కొట్టినదే. స్టాంపు ఉంటే సగం రేటు అన్నాడు. మూల మడత పడితే పావు రేటు. అక్కడ పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసే కంపెనీలు ఉన్నాయట. సీలు పడ్డాక ఇక తెరవకూడదు. తెరిస్తే మార్కులు పోతాయి. "మరి చదువుకునేదెట్టా బాబూ?" అని అడిగాను. "చదవడానికి వేరే కాపీ ఉంటుంది అంకుల్" అన్నాడు.

అతనే చెప్పాడు, సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి నంబరు సంగతి. అప్పుడు దాని వెల 10 సెంట్లు. 2024 ఏప్రిల్‌లో ఒక కాపీ వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది, మన లెక్కలో దాదాపు 50 కోట్లు. "ఎందుకంత అంటే అంకుల్, ఆ కాలంలో అమ్మానాన్నలు పిల్లల పుస్తకాలన్నీ చెత్తలో వేసేశారు. యుద్ధం రోజుల్లో పాత కాగితాల కింద ఇచ్చేశారు. మిగిలినవి వంద దాకా ఉంటాయేమో" అన్నాడు. అని కాసేపు ఆగి, "మా ఇంట్లోనూ అదేగా జరిగింది. నాకో ట్రంకు పెట్టె నిండా ఉండేవి. టెన్త్‌లో నాకు లెక్కల్లో మార్కులు తగ్గాయని మా నాన్న కిలో లెక్కన అమ్మేశాడు. ఇప్పటికీ గుర్తొస్తే కడుపు మండిపోద్ది" అన్నాడు. అమెరికా వెళ్లి ఇరవయ్యేళ్లు దాటినా ఆ 'పోద్ది' పోలేదు. నాకు ముచ్చటేసింది. ఏ ఇంట్లో చూసినా ఇదే కథ. పాతసామాన్లవాడు కేకేస్తే తల్లులు ముందు అటకవైపే చూస్తారు.

స్టాంపులేని సరుకు కోసం నేను బయల్దేరక తప్పలేదు. కంభం, బేస్తవారిపేట, కొమరోలు, రాచర్ల, పాతపేపర్ల కొట్టు కనబడితే చాలు దిగేవాణ్ణి. ఒకచోట చందమామలు దొరికాయి, వెనక్కి వేలాడే శవంతో విక్రమార్కుడు నడుస్తున్న ఆ శంకర్ గారి బొమ్మను పురుగు నిలువునా తినేసింది. ఒకచోట అమరచిత్రకథలు బెల్లం అంటుకుని ముద్దయ్యాయి. ఫాంటమ్ మాత్రం బజ్జీల పొట్లాలుగా ఎప్పుడో ఊరంతా తిరిగి వెళ్లిపోయాడు. మా పడమటి ప్రకాశంలో వాన లేదని, నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఏడుస్తాం గానీ కాగితానికి ఈ ఎండుగాలి వరం. కోస్తాలో అయితే బూజు పట్టే పుస్తకం ఇక్కడ అప్పడంలా నిలుస్తుంది. నిలవాలంటే ముందు ఇంట్లో ఉంచుకోవాలి కదా, అదే జరగలేదు.

అప్పుడు వచ్చాడు ఆ పెద్దాయన.

గుంటూరు వైపు నుంచి వచ్చే రైలు దిగి నడుచుకుంటూ వచ్చినట్టున్నాడు, పంచె అంచు ఎర్రమట్టి. ఎనభై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డ సంచి. అందులో పాత తువ్వాలు, తువ్వాల్లో ఒకే ఒక్క పుస్తకం. "పాత ఫాంటమ్ పుస్తకాలు కొనేది నువ్వేనంట గదయ్యా?" అన్నాడు.

నేను తువ్వాలు విప్పి బల్లమీద పెట్టాను. అట్టమీద రంగు నిన్న వేసినట్టుంది. పిన్నులు తెల్లగా ఉన్నాయి. మూలలు చాకుతో కోసినట్టున్నాయి. మధ్య పేజీ తెరిస్తే ఎండిన వేపాకు ఒకటి జారి పడింది. ఎక్కడా పేరు లేదు, గీత లేదు. మా షాపులో పద్నాలుగేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన పుస్తకాల్లో ఇంత శుభ్రంగా ఉన్నది ఒక్కటీ లేదు.

"ఎట్టా దాచావు పెద్దన్నా?"

"అట్ట వేస్తే ఏ పుస్తకమైనా ఉంటది. ఖాకీ అట్ట. మూల లోపలికి రెండు మడతలు పెట్టాల. ఆ అట్ట తీసి తెచ్చినా."

ఫొటో పంపాను. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది, అయినా నిమిషంలో ఫోనొచ్చింది. అబ్బాయి గొంతు వణుకుతోంది. 4 వేలు ఇస్తానన్నాడు. మా మనవడి ఖాతాలో డబ్బు పడటం, నేను నా పదోవంతు తీసుకుని మిగతాది పెద్దాయన చేతిలో పెట్టడం, అంతా టీ చల్లారేలోపు అయిపోయింది. ఆయన నోట్లు కళ్ల దగ్గరికి తెచ్చుకుని, వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు, ఎడమ కనుపాప మీద పాలమీగడలా కనిపిస్తూనే ఉంది.

"బేరం ఆడలేదా?" అన్నాడు.

"లేదు."

"ఒక్క రూపాయి గూడా తగ్గించమనలా?"

"లేదు పెద్దన్నా, ఇంకా ఉన్నాయా అని అడిగాడు."

ఆయన తువ్వాలు దులిపి మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత నెలకొకసారో రెండుసార్లో వచ్చేవాడు, ఎప్పుడూ ఒకటే పుస్తకం. "అన్నీ ఒక్కసారే తెస్తే రేటు పడిపోద్ది గదయ్యా" అనేవాడు. వ్యాపారం చేసినవాడో, చేసేవాళ్ల దగ్గర లెక్కలు రాసినవాడో అనుకున్నాను. ఊరు అడిగితే చేయి తూర్పువైపు ఊపేవాడు. నేనూ పట్టించుకోలేదు. సరుకున్నవాడి పేరు కొనేవాడికీ, కొనేవాడి పేరు సరుకున్నవాడికీ చెబితే మధ్యవాడికి ఏం మిగులుతుంది? రేటు మాత్రం పెరిగింది. 4 వేలు 5 అయింది, పాత నంబర్లకు 8 దాకా వెళ్లింది. ప్రతిసారీ పెద్దాయన అడిగే మాట ఒకటే, బేరం ఆడలేదా అని. నేను చెప్పే జవాబూ ఒకటే.

అబ్బాయికి మిగిలింది ఒకే కోరిక, మొదటి నంబరు. 1964 మార్చి, ఫాంటమ్ బెల్టు కథ. "అంకుల్, ఆయన్ను అడగండి. ఇంత బాగా దాచినాయన దగ్గర అది లేకుండా ఉండదు. 40 వేలు ఇస్తాను. ఆయనెవరో గానీ మహానుభావుడు. మా ఇంట్లో ఒక్కరికైనా ఆ బుద్ధి ఉండుంటేనా!"

అడుగుదామంటే పెద్దాయన రావడం మానేశాడు. ఒకటిన్నర నెల చూశాను. చివరిసారి తెచ్చిన పుస్తకం డబ్బు ఆలస్యంగా పడింది, అది నా దగ్గరే ఉంది. పరాయి సొమ్ము పెట్టెలో ఉంటే నాకు నిద్ర పట్టదు. ఎప్పుడో ఒకసారి వాన పడుతుంటే మా ఇంట్లో ఆగినప్పుడు, ఏదైనా అవసరమైతే అని మనవడి చేత ఊరు, వీధి పేరు రాయించి పెట్టాడు. ఆ చీటీ పట్టుకుని మార్కాపురం రైలెక్కాను.

చెన్నకేశవస్వామి గుడికి అవతల సందు. ఇంటి ముందు అరుగుకు పలకరాయి పరిచి ఉంది, నల్లగా, నున్నగా. లోపల గోడకు ఆనించి చెక్క ఫ్రేముల పలకలు పాతికో ముప్పయ్యో. ఒకప్పుడు దేశంలో ఎంతోమంది పిల్లలు అక్షరాలు దిద్దింది ఈ ఊరి పలకల మీదే. నోటు పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చి వాటిని తోసేశాక, ఇప్పుడు అదే రాయి గోడలకూ నేలకూ అంటించే బిళ్లలుగా విదేశాలకు పోతోంది. పెద్దాయన పలకల ఫ్యాక్టరీలో నలభయ్యేళ్లు గుమాస్తా అట. మీటరుగేజి రోజుల్లో సరుకు బుక్ చేయడానికి గుంటూరు వెళ్లినప్పుడల్లా స్టేషన్లో ఒక బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చేవాడినని చెప్పాడు. మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్లకు పెద్ద నల్లద్దాలు.

"ఎడమ కంటికి అయిందయ్యా ఆపరేషన్. మంచి లెన్సే వేయించుకున్నా, 35 వేలు. నీ ముఖం ఇప్పుడు బాగా కనబడతా ఉంది, నువ్వు ఇంత ముసలోడివని అనుకోలా."

నేను డబ్బు ఆయన చేతిలో పెట్టాను. ఈసారి తడుముకోలేదు, చూసి లెక్కపెట్టాడు. మంచం కింద నుంచి ట్రంకు పెట్టె ముందుకు లాగమన్నాడు. మూత తీస్తే వేపాకు వాసన. పైన, పుస్తకాల నుంచి విప్పిన ఖాకీ అట్టలు, వేటికవి మడతలు చెడకుండా కట్ట కట్టి ఉన్నాయి. ప్రతి అట్ట మీదా తెల్ల చీటీ. పేరు, తరగతి, సెక్షను, మార్కాపురం హైస్కూలు.

ఆ పేరు నాకు కొత్త కాదు. ఏడాదిగా గిద్దలూరు పోస్టాఫీసులో పార్సిళ్ల మీద నా చేత్తో నేను రాస్తున్న పేరే.

నేను నోరు తెరిచేలోపు పెద్దాయన ఫోన్ మోగింది. తెరమీద ముఖం చూడగానే నేను కుర్చీ పక్కకు జరుపుకున్నాను.

"నాన్నా, ఆ నల్లద్దాలేంటి? ఫాంటమ్‌లా ఉన్నావు!"

"కంటి ఆపరేషన్ అయిందిరా."

"అరె, చెప్పనే లేదు. ఫ్రీ క్యాంపులోనేగా? నేను అప్పుడే చెప్పాను, ఊరికే చేసేదానికి వేలు పోయడం ఎందుకని. ఇక్కడ ఇంటి లోనూ, పిల్లల కాలేజీ ఫీజులూ... నీకు చెప్పినా అర్థం కాదు."

"ఊరికేనే అయిందిరా. నాకు రూపాయి పడలా."

"చూశావా మరి! సరేగానీ ఇటు చూడు." ప్లాస్టిక్ డబ్బాలో బిగించిన పుస్తకం ఒకటి తెర నిండా వచ్చింది. "గుర్తుపట్టావా? నువ్వు కిలో లెక్కన అమ్మేసినవాటిలో ఇదొకటి. గిద్దలూరాయన ద్వారా కొన్నాను. పదికి తొమ్మిది మార్కులొచ్చాయి నాన్నా! ఎంత పెట్టానో చెబితే మళ్లీ కళ్లు తిరుగుతాయి నీకు."

"బాగుందిరా. మూలలు నలగకుండా ఉన్నాయి."

"మూలల సంగతి నీకేం తెలుసులే. సరే, ఆఫీసు టైమైంది. మందులు వేసుకో."

ఫోన్ ఆగింది. ఆయన తెరను పంచె అంచుతో తుడిచి దిండు పక్కన పెట్టుకున్నాడు.

"అమ్మలేదయ్యా అప్పుడు. చదువు చెడతా ఉందని దాచా. అమ్మేసినా అని చెబితేగానీ వాడు పుస్తకం ముట్టేట్టు లేడు. ఉద్యోగం వచ్చినాక ఇద్దామనుకున్నా. ఉద్యోగం వచ్చింది, విమానమెక్కినాడు. నిరుడు కంటికి డబ్బు అడిగితే క్యాంపుకు పొమ్మన్నాడు. ఆ ఫోన్లోనే చెప్పినాడు, గిద్దలూరులో ఒకాయన పాత ఫాంటమ్‌లు వెతికి పంపుతా ఉన్నాడు, ఎంతైనా పెడతా అని."

నాకు ఏమనాలో తోచలేదు. వచ్చిన పని గుర్తొచ్చింది. మధ్యవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

"పెద్దన్నా, మొదటి నంబరు ఉందా? 40 వేలు అంటున్నాడు."

ఆయన పెట్టె అడుగున చెయ్యి పెట్టి, ఖాకీ అట్ట ఇంకా విప్పని పుస్తకం ఒకటి తీసి నా చేతికిచ్చాడు. ఆ అట్టమీద చీటీలో కొడుకు పేరు లేదు. కొడుకు అప్పటికి పుట్టనే లేదు. ఆయన పేరే ఉంది, కింద గుంటూరు రైల్వే స్టేషన్, 1964.

"మరి పంపనా?" అన్నాను.

పుస్తకం వెనక్కి తీసుకుని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"తొందరేముందయ్యా? కుడి కంట్లో శుక్లం ఇంకా ముదరలేదన్నాడు డాక్టరు. అది ముదిరిందాకా రేటు పెరగనీ."